పెన్‌డ్రైవ్ పీకే ముందు: లైనక్స్ డెస్క్‌టాప్‌లో యూఎస్‌బీ, హార్డ్‌వేర్ చిక్కులపై తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా నడిపే ఇళ్లు, జిరాక్స్ షాపులు, ఫొటో స్టూడియోలు, కాలేజీ ల్యాబుల వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కమాండ్లను పలికే తీరులో తెలుగులోనే రాశాం. కీబోర్డు మీద మాత్రం వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. స్పెల్లింగ్ తికమకగా ఉండే చోట అక్షరాలు విడివిడిగా చెప్పాం.

కాపీ అయిపోయిందని తెర మీద చూపించింది గదా, వెంటనే పీకేస్తే ఏమవుతుంది?

తెర మీద గీత నిండిందంటే ఫైలు ర్యామ్‌లోకి చేరిందని మాత్రమే అర్థం. పెన్‌డ్రైవ్‌లోకి చేరిందని కాదు. రాయాల్సిన డేటాను కెర్నల్ (లైనక్స్‌కు గుండెలాంటి ప్రధాన ప్రోగ్రాము) ముందు ర్యామ్‌లో పెట్టుకుని, వెనకాల నిదానంగా డ్రైవ్‌లోకి దింపుతుంది. ఆ జాగాను పేజ్ క్యాష్ అంటారు. ఇంకా దిగని డేటాను డర్టీ డేటా అంటారు. మామూలు సెట్టింగుల్లో, వాడుకోవడానికి వీలున్న ర్యామ్‌లో సుమారు 10 శాతం డర్టీ డేటాతో నిండితే కెర్నల్ గట్టిగా రాయడం మొదలుపెడుతుంది. అది 20 శాతం దాకా పోతే కాపీ చేస్తున్న ప్రోగ్రామునే ఆపి కూర్చోబెడుతుంది.

ఒక లెక్క చూడండి. 8 జీబీ ర్యామ్ ఉన్న పీసీ నుంచి 700 ఎంబీ పెళ్లి వీడియోను సెకనుకు 8 ఎంబీ మాత్రమే రాసుకోగల మామూలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశారు. ర్యామ్‌లోకి పోవడానికి కొన్ని సెకన్లు చాలు, గీత నిండిపోతుంది. డ్రైవ్‌లోకి దిగడానికి మాత్రం 88 సెకన్లు, అంటే నిమిషంన్నర కావాలి. ఆ నిమిషంన్నరలో పీకితే వీడియో పేరు కనిపిస్తుంది, సైజు కూడా కనిపించవచ్చు, నొక్కితే సగంలో ఆగుతుంది.

చిన్న ఫైళ్లకు ఏమీ కాదనుకోవడం ఇంకా ప్రమాదం. 40 కేబీ దరఖాస్తు ఏ శాతాన్నీ నింపదు. కెర్నల్ 5 సెకన్లకోసారి లేచి, 30 సెకన్లు దాటిన డర్టీ డేటాను మాత్రమే రాస్తుంది. అంతవరకు లైటు కూడా మినుకుమనదు. లైటు ఆగింది గదా అని పీకేది సరిగ్గా ఇక్కడే. ఫ్యాట్32 ఫార్మాట్ డ్రైవ్ అయితే డెస్క్‌టాప్ దాన్ని ఫ్లష్ అనే ఆప్షన్‌తో మౌంట్ చేస్తుంది (వాడకానికి తెరుస్తుంది) కాబట్టి ఫైలు మూయగానే రాత మొదలవుతుంది, కొంత నయం. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ట్4 ఫార్మాట్ల డ్రైవ్‌లకు ఆ వెసులుబాటు లేదు.

పోయేది కొత్త ఫైలు ఒక్కటే కాదు. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక అన్ని ఫైళ్లకూ ఉమ్మడి. దాన్ని రాస్తుండగా పీకితే ఎప్పుడో పెట్టిన పాత ఫోల్డర్ కూడా దెబ్బతినవచ్చు.

మౌస్‌తో సరైన పద్ధతి ఏది?

ముందు పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లు తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ మూసేయండి. ఫైల్ మేనేజర్ ఎడమ పట్టీలో డ్రైవ్ పేరు పక్కన ఎజెక్ట్ గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కండి. ఇంకా రాత మిగిలి ఉంటే డేటా రాస్తున్నాను, తీయొద్దు అనే సూచన వస్తుంది. తీయవచ్చని రెండో సూచన వచ్చేదాకా, లేదా డ్రైవ్ పేరు పట్టీలోంచి పూర్తిగా మాయమయ్యేదాకా చెయ్యి పెట్టకండి. కేడీఈ డెస్క్‌టాప్‌లో ఇదే పని కింది ప్యానెల్‌లోని డివైజ్ నోటిఫయర్ నుంచి చేయవచ్చు.

కుడి క్లిక్ మెనూలో అన్‌మౌంట్, ఎజెక్ట్, సేఫ్లీ రిమూవ్ అని వేర్వేరుగా కనిపిస్తే కంగారు పడొద్దు. అన్‌మౌంట్ మిగిలిన డేటా అంతా రాసి ఆ పార్టిషన్‌ను (డ్రైవ్‌లోని ఆ భాగాన్ని) మూసేస్తుంది. పెన్‌డ్రైవ్‌కు అది చాలు. సేఫ్లీ రిమూవ్ దానికి తోడు పరికరాన్ని కూడా ఆపుతుంది. తిరిగే హార్డ్ డిస్క్‌కు ఇది తప్పనిసరి. తిరుగుతుండగా కరెంటు తెగితే డేటా చదివి రాసే హెడ్ అత్యవసరంగా వెనక్కి ముడుచుకుంటుంది, ప్రతిసారీ దాని ఆయుష్షు కొంత తరుగుతుంది. సేఫ్లీ రిమూవ్ నొక్కాక పది సెకన్లు ఆగి, డిస్క్ మీద వేలు ఆనించి చూడండి. లోపలి సన్నని అదురు ఆగిపోయాకే కేబుల్ తీయండి.

రెండు పార్టిషన్లున్న డిస్క్‌లో ఒకటి అన్‌మౌంట్ చేసి రెండోది మరిచిపోవడం తరచుగా జరిగే పొరపాటు.

టెర్మినల్‌లో ఎలా?

మొదటి మెట్టు, డ్రైవ్ పేరు తెలుసుకోవడం:

ఎల్ఎస్‌బిఎల్‌కె

డిస్కుల పేర్లు, సైజులు, అవి మౌంట్ అయిన చోట్లు వరుసగా వస్తాయి. పేరును ఊహించకండి, సైజు చూసి పోల్చుకోండి. పీసీ లోపల ఎన్‌వీఎంఈ డిస్క్ (ఒక రకం ఎస్‌ఎస్‌డీ) మాత్రమే ఉంటే పెన్‌డ్రైవ్ ఎస్‌డిఏ అవుతుంది. మరో పీసీలో ఎస్‌డిఏ అంటే విండోస్ ఉన్న హార్డ్ డిస్కే కావచ్చు. ఇక్కడ 32 జీబీ డ్రైవ్ 29.8 అని కనిపిస్తుంది. అది మోసం కాదు, 1000తో లెక్కించడానికీ 1024తో లెక్కించడానికీ ఉన్న తేడా. తర్వాత కింది రెండు కమాండ్లు (సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపడం; ఎస్‌డిబి ఉన్న ప్రతి చోటా మీ డ్రైవ్ పేరు పెట్టాలి):

సుడో యూమౌంట్ /డెవ్/ఎస్‌డిబి1

యుడిస్క్స్‌సిటిఎల్ పవర్-ఆఫ్ -బి /డెవ్/ఎస్‌డిబి

యూమౌంట్ స్పెల్లింగ్‌లో యు తర్వాత నేరుగా ఎం వస్తుంది, మధ్యలో ఎన్ ఉండదు. కమాండ్ దొరకలేదని తిట్టు తినేవాళ్లలో ఎక్కువమంది ఆ ఎన్ కొట్టినవాళ్లే. మొదటి కమాండ్‌లో పార్టిషన్ అంకె ఉంటుంది, రెండో దాంట్లో ఉండదు. పవర్-ఆఫ్ చేశాక అదే డ్రైవ్ మళ్లీ కావాలంటే ఒకసారి తీసి పెట్టాల్సిందే.

యూమౌంట్ చాలాసేపు కదలకుండా ఉంటే అది హ్యాంగ్ కాలేదు, రాస్తోంది. ఎంత మిగిలిందో చూడాలంటే మరో టెర్మినల్‌లో ఇది కొట్టండి:

వాచ్ -ఎన్1 గ్రెప్ -ఈ డర్టీ: -ఈ రైట్‌బ్యాక్: /ప్రాక్/మెమ్‌ఇన్ఫో

ఈ ఒక్క కమాండ్‌లో డర్టీ, రైట్‌బ్యాక్ మాటల మొదటి అక్షరాలు పెద్దవిగా ఉండాలి. రెండు అంకెలూ కేబీల్లో తగ్గుతూ పోతాయి. మొత్తం మెషీన్‌కు సంబంధించిన అంకెలు కాబట్టి సరిగ్గా సున్నాకు రాకపోవచ్చు. కొన్ని వందల కేబీలకు పడిపోతే పెద్ద ఫైలు దిగినట్టే. అయినా యూమౌంట్ ముగిసేదాకా తీయొద్దు. సింక్ అనే కమాండ్ డేటాను వెంటనే రాయిస్తుంది గానీ డ్రైవ్‌ను మూయదు, అది యూమౌంట్‌కు బదులు కాదు.

టార్గెట్ ఈజ్ బిజీ అని వస్తోంది. ఎవరు పట్టుకున్నారు?

పది సార్లలో చాలాసార్లు పట్టుకున్నది మీ టెర్మినలే. సీడీ (ఫోల్డర్ మార్చే కమాండ్) కొట్టి పెన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి వెళ్లి, అక్కడే కూర్చుని యూమౌంట్ కొడితే కుదరదు. సీడీ అని మాత్రమే కొట్టి హోమ్‌కు వచ్చేయండి. అది కాకపోతే:

సుడో ఫ్యూజర్ -విఎం /మీడియా/మీ-యూజర్-పేరు/డ్రైవ్-పేరు

ఫెడోరాలో ఈ దారి /రన్/మీడియాతో మొదలవుతుంది. వచ్చే పట్టికలో ప్రాసెస్ పేరు ఉంటుంది. లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ, పీడీఎఫ్ చూపించే ప్రోగ్రాము, వందల ఫొటోలకు థంబ్‌నెయిల్స్ తయారుచేస్తున్న ఫైల్ మేనేజర్, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. దాన్ని మామూలుగా మూసి మళ్లీ ప్రయత్నించండి.

యూమౌంట్‌కు -ఎల్ తగిలిస్తే పని అవుతుందని చాలాచోట్ల చెబుతారు. అలా చేయకండి. అది డ్రైవ్‌ను చూపు నుంచి తప్పిస్తుంది, పట్టుకున్న ప్రోగ్రాము లోపల రాస్తూనే ఉంటుంది. కమాండ్ వెంటనే ముగుస్తుంది గనక మీరు నమ్మి పీకేస్తారు.

పీకేశాం, లేదా కాపీ మధ్యలో కరెంటు పోయింది. ఇప్పుడేం చేయాలి?

ఆ డ్రైవ్‌లోకి కొత్తగా ఏదీ రాయకండి. ముందు అందులో తెరుచుకునే ఫైళ్లన్నీ పీసీలోకి కాపీ చేసుకోండి. రిపేరు ఆ తర్వాతే. రిపేరు ప్రోగ్రాముకు పట్టిక సరిగ్గా ఉండటం ముఖ్యం, మీ ఫైలు బతకడం కాదు. అది అతకని ముక్కలను తెంచేస్తుంది.

కాపీ అయ్యాక డ్రైవ్ పీసీకి ఉండగానే అన్‌మౌంట్ చేసి, ఫ్యాట్32 అయితే:

సుడో ఎఫ్ఎస్‌సికె.విఫ్యాట్ -ఏ /డెవ్/ఎస్‌డిబి1

తర్వాత డ్రైవ్‌లో ఎఫ్ఎస్‌సికె0000.ఆర్ఈసి లాంటి పేర్లతో ఫైళ్లు కనిపిస్తే, అవి యజమాని తెలియని ముక్కలు. పోయిన డాక్యుమెంట్ వాటిలో ఉండవచ్చు, చెరిపేముందు తెరిచి చూడండి. ఎక్స్‌ఫ్యాట్‌కు ఎఫ్ఎస్‌సికె.ఎక్స్‌ఫ్యాట్ ఉంది, ఎక్స్‌ఫ్యాట్‌ప్రాగ్స్ ప్యాకేజీలో వస్తుంది. ఎక్స్‌ట్4కు ఈ2ఎఫ్ఎస్‌సికె -ఎఫ్. ఎన్‌టీఎఫ్‌ఎస్ విషయంలో లైనక్స్‌లోని ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ పైపైన మాత్రమే సర్దుతుంది. అసలు మరమ్మతుకు విండోస్ పీసీలో చెక్‌డిస్క్ నడపాలి.

ఎక్స్‌ట్4కు జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా) ఉంది గదా, కరెంటు పోయినా ఏమీ కాదు అనే మాట సగమే నిజం. జర్నల్ ఫైల్‌సిస్టమ్ నిర్మాణాన్ని కాపాడుతుంది. సేవ్ చేయని డాక్యుమెంట్‌ను అది తెచ్చివ్వదు.

పెన్‌డ్రైవ్ రీడ్-ఓన్లీ అయిపోయింది, పేస్ట్ కావడం లేదు. పర్మిషన్ మార్చాలా?

పర్మిషన్ల జోలికి పోకముందు కెర్నల్ ఏమంటుందో చూడండి:

సుడో డీమెసేజ్

అక్షరాలు డి, ఎం, ఈ, ఎస్, జి. చివరి ఇరవై ముప్పై వరుసలు చదవండి. ఫైల్‌సిస్టమ్ హ్యాజ్ బీన్ సెట్ రీడ్-ఓన్లీ అని ఉంటే, పట్టికలో తప్పు కనబడి ఇంకా చెడకుండా కెర్నలే తాళం వేసింది. పైన చెప్పినట్టు కాపీ, తర్వాత ఎఫ్ఎస్‌సికె. రైట్ ప్రొటెక్ట్ ఈజ్ ఆన్ అని ఉంటే, ఎస్‌డీ కార్డయితే పక్కనున్న చిన్న మీట కిందికి జారిందేమో చూడండి. మీట లేని పెన్‌డ్రైవ్‌లో ఇదే మాట వస్తే, సాధారణంగా దాని లోపలి చిప్ అరిగిపోయి కంట్రోలర్ రాతను శాశ్వతంగా ఆపేసిందని అర్థం. ఫార్మాట్ కాదు, ఏ కమాండూ తెరవదు. చదవడం ఇంకా అవుతోంది గనక ఈరోజే డేటా తీసుకుని ఆ డ్రైవ్‌ను పక్కన పడేయండి.

ఏ ఫార్మాట్ పెట్టుకోవాలి?

ట్రాక్టర్‌లో, ఆటోలో పాటల ప్లేయర్‌కు ఫ్యాట్32. చాలా ప్లేయర్లు అదొక్కటే చదువుతాయి. కానీ ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉండి కూడా ఫైల్ టూ లార్జ్ అని వచ్చేది ఇందుకే. పెద్ద వీడియోలు విండోస్ పీసీలకూ తిప్పాలంటే ఎక్స్‌ఫ్యాట్. లైనక్స్ కెర్నల్ 5.7 నుంచి దానికి సరైన డ్రైవర్ లోపలే ఉంది. లైనక్స్ పీసీల మధ్యే తిరిగే బ్యాకప్ డిస్క్‌కు ఎక్స్‌ట్4 పెట్టుకోండి, జర్నల్ ఉండటం కరెంటు కోతల ఊళ్లలో మేలు. టీవీకి పెట్టేముందు టీవీ ఏది చదువుతుందో చూసుకోండి.

విండోస్‌తో పాటు వాడే డిస్క్ లైనక్స్‌లో తెరుచుకోవడం లేదు.

విండోస్‌లో షట్‌డౌన్ నొక్కితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి పోతుంది. ఆ స్థితిలో ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ను రాతకు తెరవడానికి లైనక్స్ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది. విండోస్‌లోకి వెళ్లి, షిఫ్ట్ నొక్కి పట్టి షట్‌డౌన్ చేయండి. శాశ్వతంగా కావాలంటే అడ్మిన్ హక్కులతో పవర్‌సిఎఫ్‌జి /హెచ్ ఆఫ్. బలవంతంగా మౌంట్ చేసే చిట్కాలు వాడితే విండోస్ మళ్లీ లేచినప్పుడు దాని పాత పట్టికకూ డిస్క్‌కూ పొంతన కుదరక ఫైళ్లు పోతాయి.

జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయ్యాయి.

మీ ఫైళ్లు చాలావరకు లోపలే ఉన్నాయి. షార్ట్‌కట్ వైరస్ అసలు ఫోల్డర్లను దాచి, అదే పేరుతో తనను నడిపించే షార్ట్‌కట్ పెడుతుంది. అది విండోస్ దాపరికం. లైనక్స్ మామూలుగా ఆ దాచిన గుర్తును పట్టించుకోదు గనక అసలు ఫోల్డర్లు నేరుగా కనిపిస్తాయి. కనిపించకపోతే పేరు లేనట్టుగా, ఖాళీ స్థలంలా కనిపించే ఫోల్డర్ ఏదైనా ఉందేమో చూడండి. కొన్ని వైరస్‌లు అన్నిటినీ దాంట్లోకి నెడతాయి. ఫొటోలు, పీడీఎఫ్‌లు, డాక్యుమెంట్లు మాత్రమే ఏరి పీసీలోకి తీసుకోండి. ఎల్ఎన్‌కె, విబిఎస్, ఈఎక్స్ఈ అని ముగిసేవి వద్దు. తర్వాత డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి.

హాల్‌టికెట్, సర్టిఫికెట్ల లాంటివి ప్రింటుకు తీసుకెళ్లేటప్పుడు, ఆ ఒక్క పీడీఎఫ్ మాత్రమే ఉన్న చిన్న పెన్‌డ్రైవ్ వేరేగా పెట్టుకోవడం అన్నిటికంటే సులువు. ఇంటి ఫొటోలన్నీ ఉన్న డ్రైవ్‌ను షాపు పీసీకి తగిలించాల్సిన అవసరం ఎవరికీ లేదు.

పెన్‌డ్రైవ్ పెడితే ఏమీ కనిపించడం లేదు. పోర్టు పోయిందా, డ్రైవ్ పోయిందా?

ఊహలు వద్దు, చూస్తూ పెట్టండి. టెర్మినల్‌లో ఇది నడుపుతూ ఉంచి:

సుడో డీమెసేజ్ -డబ్ల్యూ

అప్పుడు డ్రైవ్ పెట్టండి. ఒక్క వరుస కూడా కొత్తగా రాకపోతే కరెంటే అందలేదు, లేదా కాంటాక్టు లేదు. పోర్టు మార్చి, అదే డ్రైవ్‌ను ఇంకో పీసీలో పెట్టి తేల్చుకోండి. న్యూ యూఎస్‌బీ డివైజ్ అని వచ్చి ఆ తర్వాత ఎస్‌డిబి, ఎస్‌డిబి1 పేర్లు కూడా వస్తే హార్డ్‌వేర్ బాగుంది, చిక్కు ఫైల్‌సిస్టమ్‌లో ఉంది.

మధ్యలో ఎర్రర్ అంకెలు వస్తే అవే దారి చూపిస్తాయి. డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ -71 అంటే సిగ్నల్ చెడిపోతోంది: కేబుల్, దుమ్ము పట్టిన పోర్టు, వదులైన ప్లగ్. -110 అంటే డ్రైవ్‌ను అడిగితే గడువులోగా జవాబు రాలేదు: కరెంటు చాలకపోవడం, లేదా కంట్రోలర్ చావుకు దగ్గరపడటం. ఓవర్-కరెంట్ అని వస్తే ఆ పోర్టులో ఏదో షార్ట్ అవుతోంది, టార్చ్ వేసి పిన్నులు వంగాయేమో చూడండి. వంగిన పిన్నులతో ఇంకో డ్రైవ్ పెట్టొద్దు.

క్యాబినెట్ ముందు పోర్టులను మేం మొదటే అనుమానిస్తాం. వెనక పోర్టులు మదర్‌బోర్డు మీదే టంకం పెట్టి ఉంటాయి. ముందువి సన్నని కేబుల్ మీద అంత దూరం వస్తాయి, ఆ కేబుల్ నాసిగా ఉంటే -71 ఇక్కడే మొదలవుతుంది. పైగా మన గాలిదుమ్ము పడేది కూడా ముందు పోర్టుల్లోనే. పీసీ ఆపి, ప్లగ్గు తీసి, పొడి మెత్తటి బ్రష్‌తో పోర్టులోని దుమ్ము తీయండి. పెన్‌డ్రైవ్ బంగారు రంగు పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, ఆరాక పెట్టండి. నోటితో ఊదితే తేమ పడుతుంది.

ఆర్చ్, మంజారో వాడేవాళ్లకు ఇంకో కారణం ఉంది. కెర్నల్ అప్‌డేట్ అయ్యాక రీస్టార్ట్ చేయకపోతే, నడుస్తున్న పాత కెర్నల్‌కు చెందిన మాడ్యూళ్లు డిస్క్ మీద ఉండవు. యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ అప్పటికే లోడ్ అయి ఉండకపోతే ఇక లోడ్ కాదు. రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ టక్ టక్ మని ఆగిపోతోంది, దానంతటదే డిస్‌కనెక్ట్ అవుతోంది.

యూఎస్‌బీ 2 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, యూఎస్‌బీ 3 పోర్టు 900. రెండున్నర అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో 1 ఆంపియర్ దాకా లాగవచ్చు. పాత పీసీ ముందు పోర్టులో పెడితే పళ్లెం వేగం అందుకోలేక ఆగుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఆగుతుంది. వెనకున్న నీలం పోర్టుకు, పొట్టి కేబుల్‌తో పెట్టి చూడండి. లేదంటే సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడండి. అడాప్టర్ లేని హబ్ ఉన్న కరెంటునే పంచుతుంది, దాంతో లాభం లేదు.

బాగా కరెంటు అందుతున్నా టక్ టక్ ఆగకపోతే అది డిస్క్ లోపలి జబ్బు. చివరి ప్రశ్న చదవండి, అంతవరకు డిస్క్ ఆన్ చేయకండి.

యూఎస్‌బీ 3 డ్రైవ్ కొన్నాం, అయినా నత్తనడకే.

ఎల్ఎస్‌యుఎస్‌బి -టి కొట్టండి. డ్రైవ్ ఉన్న వరుస చివర 5000ఎం ఉంటే యూఎస్‌బీ 3 వేగం. 480ఎం అంటే యూఎస్‌బీ 2కి పడిపోయింది, పోర్టో కేబులో మార్చాలి. 5000ఎం ఉండి కూడా రాత నెమ్మదిగా ఉంటే లోపలి చిప్‌ వేగమే అంత. పెట్టె మీద రాసే అంకె చాలావరకు చదివే వేగం.

చవగ్గా దొరికిన 128 జీబీ డ్రైవ్‌లో పాత ఫైళ్లు బాగుండి, కొత్తవి మాత్రం తెరుచుకోకపోతే కెపాసిటీ నకిలీ కావచ్చు. లోపల 8 జీబీ చిప్ పెట్టి 128 అని చెప్పేలా చేస్తారు. ఎఫ్3 అనే ప్యాకేజీ వేసుకుని, ఖాళీ డ్రైవ్ మీద ఎఫ్3రైట్, తర్వాత ఎఫ్3రీడ్ నడపండి. డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి, నిజంగా ఎంత నిలిచిందో చెబుతుంది. యూఎస్‌బీ 2 వేగంలో గంటలు పట్టినా, కొన్న రోజే చేస్తే షాపులో మార్పించుకోవచ్చు.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. దీనికీ యూఎస్‌బీకీ సంబంధం ఉందా?

ఉంది. ఇది ఈ మొత్తంలో ప్రాణానికి సంబంధించిన ప్రశ్న కూడా. పీసీ లోపలి ఎస్‌ఎంపీఎస్‌లో (కరెంటు సరఫరా పెట్టెలో) విద్యుత్ శబ్దాన్ని వడకట్టే కెపాసిటర్లు ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య నుంచి క్యాబినెట్‌కు కలిసి ఉంటాయి. అక్కడికి వచ్చే చిన్న కరెంటు ఎర్త్ తీగ ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే 230 వోల్టుల్లో సగం, దాదాపు 115 వోల్టులు క్యాబినెట్ మీద నిలుస్తాయి. కరెంటు పరిమాణం తక్కువ గనక జివ్వుమంటుంది. కానీ అలాంటి పీసీకి సొంత అడాప్టర్ ఉన్న డిస్కో, ప్రింటరో, టీవీ కేబులో తగిలించిన క్షణంలో ఆ వోల్టేజీ పోర్టు గుండా పోతుంది. పోర్టు కాలడానికీ, డ్రైవ్‌లు ఊరికే డిస్‌కనెక్ట్ కావడానికీ ఇదొక కారణం.

మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌తో పెట్టి ఉంటే ముందు దాన్ని తీసేయండి. సాకెట్‌ను ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి చూడండి. ఫేజ్-న్యూట్రల్ మధ్య 230 దగ్గర, ఫేజ్-ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ మధ్య కొద్ది వోల్టులు మాత్రమే రావాలి. ఎర్త్ గుంత ఉన్న ఇళ్లలో కూడా ఎండాకాలం మన నేల ఎండి బీటలిస్తే ఎర్త్ పనిచేయడం తగ్గుతుంది. మార్చి నుంచి వానలు పడేదాకా గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయాలి.

ఎండాకాలం మధ్యాహ్నం పీసీ దానంతటదే ఆగిపోతోంది.

గది 40 డిగ్రీలుంటే పీసీ లోపల అంతకంటే తగ్గే మార్గం లేదు. ఎల్ఎం-సెన్సర్స్ ప్యాకేజీ వేసి, సెన్సర్స్ అని కొట్టండి. ఏ పనీ లేనప్పుడు ప్రాసెసర్ 50 నుంచి 60 డిగ్రీలు ఉంటే ఈ ఊళ్ల వేసవికి అది మామూలే. కొంచెం పని పెట్టగానే 90 దాటితే దుమ్ము, లేదా ఎండిపోయిన థర్మల్ పేస్ట్. డీమెసేజ్‌లో టెంపరేచర్ ఎబౌవ్ థ్రెషోల్డ్ అని ఉంటే అనుమానం అక్కర్లేదు.

ప్లగ్గు తీసి క్యాబినెట్‌ను ఆరుబయటికి తెచ్చి బ్లోయర్ కొట్టండి. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి కొట్టాలి, లేకపోతే వేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. పేస్ట్ బియ్యపు గింజంత చాలు. ర్యామ్ తీసి బంగారు పట్టీలను పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి, రెండు వైపులా క్లిక్‌మనేదాకా నొక్కండి. తర్వాత కూడా కాపీ చేసిన ఫైళ్లు అకారణంగా పాడవుతుంటే ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86+తో కనీసం ఒక పూర్తి చుట్టు పరీక్షించండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ వాడొద్దు. పెన్‌డ్రైవ్ మీద వేసే నింద చాలాసార్లు ర్యామ్‌కు చెందుతుంది.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ టైము తప్పుతోంది, అప్‌డేట్లు కూడా రావడం లేదు.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. అది 3 వోల్టులది, 2.7 కంటే దిగితే మార్చేయండి. తేదీ వెనక్కి పోతే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు, రిలీజ్ ఫైల్ నాట్ వాలిడ్ యెట్ అని అప్‌డేట్ ఆగుతుంది. అయితే తేడా సరిగ్గా ఐదున్నర గంటలే ఉండి, పీసీలో విండోస్ కూడా ఉంటే బ్యాటరీ తప్పు కాదు. విండోస్ మన టైమునూ, లైనక్స్ యూటీసీనీ (ప్రపంచ ప్రామాణిక సమయాన్నీ) గడియారంలో రాస్తున్నాయి. టైమ్‌డేట్‌సిటిఎల్ సెట్-లోకల్-ఆర్‌టిసి 1 అని కొడితే రెండూ ఒక మాట మీద ఉంటాయి.

యూఎస్‌బీ 3 డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ తడబడుతోంది.

యూఎస్‌బీ 3 సిగ్నల్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో శబ్దం వెదజల్లుతుంది. మౌస్ డాంగిల్ కూడా అక్కడే మాట్లాడుతుంది. డాంగిల్‌ను డిస్క్ పక్క పోర్టులో పెట్టకండి. ఒక అడుగు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా జరిపితే చాలు.

డిస్క్ చనిపోతోంది, అందులో పెళ్లి ఫొటోలున్నాయి. ముందేం చేయాలి?

ఎఫ్ఎస్‌సికె నడపకండి, ఫైల్ మేనేజర్ తెరిచి ఫొటోలు ఒక్కొక్కటిగా లాగకండి. చెడిన చోట ప్రతి ఫైలుకూ హెడ్ మళ్లీ మళ్లీ గుద్దుకుంటుంది. ఆ డిస్క్ కంటే ఎక్కువ ఖాళీ ఉన్న ఇంకో డిస్క్ సిద్ధం చేసుకోండి. పీసీకి యూపీఎస్ ఉండాలి. జీఎన్‌యూ డిడిరెస్క్యూ వేసుకోండి, ఉబుంటు, డెబియన్, మింట్‌లలో ప్యాకేజీ పేరు జిడిడిరెస్క్యూ. సిద్ధం చేసుకున్న డిస్క్ ఫోల్డర్‌లోకి సీడీతో వెళ్లి, చెడిన డిస్క్‌ను మౌంట్ చేయకుండా:

సుడో డిడిరెస్క్యూ -ఎన్ /డెవ్/ఎస్‌డిబి డిస్క్.ఐఎంజి డిస్క్.మ్యాప్

ఇది బాగున్న భాగాన్నంతా ముందు లాగేసి, చెడిన చోట్లను మ్యాప్ ఫైలులో గుర్తు పెట్టుకుంటుంది. రెండో విడత:

సుడో డిడిరెస్క్యూ -డి -ఆర్3 /డెవ్/ఎస్‌డిబి డిస్క్.ఐఎంజి డిస్క్.మ్యాప్

మొదట విడిచిపెట్టిన చోట్ల మాత్రమే మూడేసి సార్లు ప్రయత్నిస్తుంది. మ్యాప్ ఫైలు ఉన్నంతవరకు మధ్యలో ఆపి, డిస్క్‌ను చల్లారనిచ్చి, అదే కమాండ్‌తో ఆగిన చోటి నుంచి కొనసాగించవచ్చు. డిస్క్ పేరు ముందు, ఇమేజ్ పేరు తర్వాత. తారుమారు చేయకండి. ఎంటర్ కొట్టేముందు ఎల్ఎస్‌బిఎల్‌కెతో సైజు మళ్లీ ఒకసారి చూడండి.

ఇమేజ్ చేతికొచ్చాక దానికి ఇంకో కాపీ తీసి, ఆ కాపీ మీద ఫొటోరెక్ నడపండి. ఫైల్‌సిస్టమ్ చెడినా ఫొటోలను వాటి ఆకృతిని బట్టి ఏరి తెస్తుంది. పేర్లు, ఫోల్డర్లు రావు, చిత్రాలు వస్తాయి. డిస్క్ తిరగడమే మానేస్తే, లేదా తిరుగుతూ గీకుతున్న శబ్దం వస్తే, ఇవేవీ ప్రయత్నించకుండా ఆపి, శుభ్రమైన గదిలో డిస్క్ విప్పే డేటా రికవరీ వాళ్లకు అప్పగించండి. ఇంట్లో మూత విప్పితే పళ్లెం మీద పడిన దుమ్ము కణం హెడ్‌కు తగిలి, ఆ తర్వాత ఎవరు ప్రయత్నించినా చాలావరకు ఏమీ రాదు.